3 లక్షల చీట్లు, 52 రాత్రులు: లాటరీ ఒక నాటకంగా ఉన్న కాలం

ఎడమవైపు గంపలోంచి ఒక కుర్రాడు చీటీ తీస్తాడు. కుడివైపు గంపలోంచి ఇంకో కుర్రాడు మరో చీటీ తీస్తాడు. మొదటి చీటీ మీదున్న పద్యాన్ని గుమస్తా ఎలుగెత్తి చదువుతాడు. రెండో చీటీ విప్పిన గుమస్తా ‘నీత్’ అంటాడు. డచ్చి భాషలో ఆ మాటకు ‘లేదు’ అని అర్థం. పద్యం ఎవరిదో వాళ్లకు ఏమీ రాలేదన్నమాట. పక్కనున్న రాతగాళ్లు అది ఎక్కించుకుంటారు, పిల్లల చేతులు మళ్లీ గంపల్లోకి పోతాయి.

1607లో హాలండ్‌లోని హార్లెం పట్టణంలో, వృద్ధాశ్రమం కట్టడానికి పెట్టిన లాటరీలో, ఈ తతంగం రాత్రీ పగలూ ఆగకుండా 52 రోజులు నడిచింది. అమ్ముడైన చీట్లు 3 లక్షల పైచిలుకు. భాగించి చూస్తే గంటకు 240, నిమిషానికి 4. ఒక్కో జత చీట్లు తీసి, విప్పి, చదివి, రాసుకోవడానికి దక్కేది 15 సెకన్లు. రెండు పాదాల పద్యం తడబడకుండా చదవడానికే 7, 8 సెకన్లు పడుతుంది. అర్ధరాత్రి దాటాక, చలిలో, ఎవరి గొంతయినా ఎంతసేపు నిలుస్తుంది? చదివేవాళ్లూ తీసేవాళ్లూ వంతులు మారక తప్పదు. తెల్లవార్లూ సాగే వీధి నాటకం చూసినవాళ్లకు ఆ వాతావరణం కొంత ఊహకు అందుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ తెల్లారినా తెర పడదు.

వేదిక, దివిటీలు, పద్యాలు, నాటకాల పోటీలు, ఊరేగింపులు ఇవన్నీ టికెట్లు అమ్ముకోవడానికి అద్దిన హంగులేనని తేలిగ్గా అనేయవచ్చు. అది సగం నిజమే. లాటరీ తీసే పద్ధతే అంత కాలం తినేది. అంత కాలమూ జనం కళ్లెదుట జరగాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. జనం అక్కడ నిలవాలంటే చూడటానికీ వినటానికీ ఏదో ఉండాలి. ఆ ప్రదర్శనే ఆడిట్ కూడా. ఈ రెండింటినీ విడదీస్తే ఆనాటి లాటరీ అర్థం కాదు.

రెండు పాత్రలు ఎందుకు

ఇప్పటి లక్కీ డ్రాలో ఒకే డబ్బా ఉంటుంది. పది బహుమతులుంటే పది చీట్లు తీస్తారు, మిగిలినవి చెత్తబుట్టలోకి పోతాయి. 15, 16 శతాబ్దాల ఐరోపాలో అలా చేస్తే ఒప్పుకునేవారు కాదు. ‘నా చీటీ డబ్బాలో అసలు వేశారా?’ అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

అందుకే రెండు పాత్రలు. ఒకదాంట్లో కొన్నవాళ్ల చీట్లు ఉంటాయి. రెండోదాంట్లో సరిగ్గా అన్నే చీట్లు, కొన్నిటి మీద బహుమతి పేరు, మిగతావన్నీ ఖాళీవి. రెండిటిలోంచీ జతజతగా చివరిదాకా తీయాలి. ఇలా తీస్తే ప్రతి మనిషీ తన చీటీ బయటికి రావడం చెవులారా వింటాడు. పైగా చివర్లో రెండు పాత్రలూ ఒకేసారి ఖాళీ కావాలి. ఒకదాంట్లో ఒక్క చీటీ మిగిలినా ఎక్కడో పొరపాటో మోసమో జరిగిందని వేలమంది ముందు తేలిపోతుంది. రాతకోతల మీద ఆధారపడకుండా లెక్క తనంతట తానే సరిచూసుకునే ఏర్పాటు ఇది. దీనికి చెల్లించే మూల్యం కాలం. వెయ్యి చీట్లలో పది బహుమతులే ఉన్నా, వెయ్యి జతలూ తీయాల్సిందే.

1522 ఫిబ్రవరిలో వెనిస్ రియాల్టో బజారులో లాటరీ మొదలైనప్పుడు ఆ ఊరి చరిత్రకారుడు మరీన్ సనూడో తన దినచర్య పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాడు. దాన్ని మొదలుపెట్టినవాడు పాత సామాన్ల వ్యాపారి. అక్కడ ఖాళీ చీటీకి పెట్టిన పేరు ‘పచియెన్సియా’, అంటే ఓర్పు. డబ్బు పోగొట్టుకున్నవాడి చేతికి ‘ఓర్పు’ అన్న చీటీ అందివ్వడంలో వెటకారం పాలు ఎంతో, ఓదార్పు పాలు ఎంతో చెప్పడం కష్టం. నెల తిరక్కుండా ఊరంతా అదే పిచ్చి కావడంతో ప్రైవేటు లాటరీలకు ప్రభుత్వం కళ్లెం వేసి, ఆ పద్ధతిని తన అవసరాలకు వాడుకోవడం మొదలుపెట్టింది.

దీనికంటే ముందే ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం, దాని చుట్టుపక్కల ప్రాంతం) పట్టణాల్లో లాటరీలు ఉన్నాయి. 1445 మే నెలలో స్లూస్ పట్టణం కోటగోడల ఖర్చు కోసం 4,304 చీట్లతో లాటరీ పెట్టింది, బహుమతుల మొత్తం 1,737 ఫ్లోరిన్లు. మరుసటి ఏడాది బ్రూజ్‌లో చీటీ కొన్నవాళ్లలో చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ భార్య, అప్పటికి వితంతువు, కూడా ఉంది. ఇవి జూదగాళ్లు నడిపినవి కావు. గోడ కట్టాలి, రేవు పూడిక తీయాలి, ఆసుపత్రికి కప్పు వేయాలి, కొత్త పన్ను వేస్తే జనం తిరగబడతారు: అలాంటప్పుడు పురపాలకులు లాటరీ వైపు చూసేవారు.

టికెట్టే ఒక పద్యం

కొనేవాళ్లు చీటీ మీద నంబరు తీసుకునేవారు కాదు. ఒక పద్యమో, సూక్తో, చమత్కారమో చెబితే చందా వసూలు చేసే మనిషి దాన్ని పట్టీలో రాసుకునేవాడు. ఆ పట్టీలోంచే చీట్లు కత్తిరించి మొదటి గంపలో వేసేవారు. ఒకే పద్యం మీద పది చీట్లు కొనవచ్చు, అప్పుడు ఆ పద్యం పదిసార్లు వినిపిస్తుంది.

దీనివల్ల రెండు లాభాలు. వేదిక మీంచి పేరు చదివితే ఫలానా పాదిరీ, ఫలానా పెద్దింటి ఆవిడ చీటీ ఆడుతున్నారని ఊరంతా తెలుస్తుంది. పద్యమైతే సొంతదారుకు మాత్రమే తెలుస్తుంది. ఇక రెండోది, ఈ పద్యాలే ఉచిత వినోదం. పనిమనిషి కట్నం కోసం దేవుణ్ణి వేడుకుంటుంది, తాగుబోతు సారాయి కోసం, ముసలాయన వెచ్చటి కోటు కోసం. పొరుగింటి మీద విసుర్లు, పాలకుల మీద సణుగుళ్లు కూడా వేదిక ఎక్కేవి. అందులో కవిత్వం ఎంత అని అడిగితే తక్కువే. చాలామటుకు నాసిరకం ప్రాసలు. కానీ సామాన్యుడి మాట అధికారుల సమక్షంలో, అధికారి గొంతుతోనే చదవబడే సందర్భం ఆ కాలంలో ఇంకేదీ అంత సులువుగా దొరకదు.

ఇంగ్లండ్ మొదటి జాతీయ లాటరీలో ఈ పద్యాలు కొన్ని మిగిలాయి. ఒకాయన తనకు ఒకే భార్యతో ఇరవైమంది పిల్లలు పుట్టారనీ, మంచి చీటీ తగిలేలా చూడమనీ దేవుణ్ణి ప్రాసలో కోరాడు. పదిమంది పేద అమ్మాయిలు కలిసి డబ్బు పోగేసి ఒక్క చీటీ కొని, ‘మేం పదిమందిమి’ అని పద్యంలోనే చెప్పుకున్నారు. యార్మత్ ఊరు తన రేవు పేరు మీదే చీటీ వేసి, దాని అవసరం దేవుడికి తెలుసునంది. ఆ లాటరీ పెట్టిందే రేవుల మరమ్మతు కోసం కాబట్టి యార్మత్‌వాళ్ల తెలివిని మెచ్చుకోవాలి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఇద్దరు ఒకే సామెత ఎంచుకుంటే బహుమతి ఎవరిది? పట్టీలో ఏ వసూలుదారు దగ్గర, ఏ వరుసలో రాయించారో దాన్ని బట్టి తేల్చాలి. అందుకే చీటీ మీద పద్యంతోపాటు పట్టీని గుర్తుపట్టే ఆధారం కూడా ఉండాలి. రాతగాడు అక్షరం తప్పు రాస్తే, చదివేవాడు తొందరలో ఒక ముక్క మింగేస్తే, తగాదా తప్పదు. నిమిషానికి నాలుగు చీట్ల వేగంలో అది ఎంత సులభమో చెప్పనక్కర్లేదు.

వేదిక మీద ఎవరెవరు, ఏమేమి

ఆమ్‌స్టర్‌డామ్‌లో మతిస్థిమితం లేనివారి ఆశ్రమం కోసం 1592లో జరిగిన లాటరీని గిల్లిస్ కోయిన్యె 1593లో చిత్రించాడు. రాత్రి దృశ్యం అది. ఎత్తైన వేదిక మీదనే వెలుగంతా, కింద జనం చీకట్లో. చిత్రకారుడు నాటకీయత కోసం రాత్రిని ఎంచుకున్నాడన్నది నిజమే కావచ్చు. కానీ ఆ ఏర్పాటుకు పనికొచ్చే కారణం కూడా ఒకటి ఉంది. చేతులు, గంపలు, చీట్లు వెలుగులో ఉండాలి, చూసేవాళ్లు ఎక్కడున్నా ఫర్వాలేదు. నాటకశాల ఈనాటికీ పాటించే సూత్రం ఇదే.

పిల్లల్ని, అందులోనూ అనాథ పిల్లల్ని చీట్లు తీయడానికి పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. మన ఊళ్లలోనూ చీట్లు వేసినప్పుడు ఒకటి తీయమని చంటిపిల్లను పిలుస్తారు కదా. అమాయకత్వం ఒక్కటే కారణం కాదు. అనాథకు ఊళ్లో బంధువులుండరు, ఎవరికో మేలు చేశాడన్న అనుమానం తక్కువ. గంపలోకి చూడకుండా చెయ్యి మాత్రమే పెడతాడు కాబట్టి చీటీ మీద ఏం రాసి ఉందో ముందే తెలియదు. అన్నిటినీ మించి, ఊరు పోషిస్తున్న అనాథే వేదిక మీద నిలబడితే ఈ డబ్బు ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు.

బహుమతులు చాలావరకు వెండి సామాను: మూత గిన్నెలు, కూజాలు, పళ్లాలు, ఉప్పు గిన్నెలు. నగదు కాకుండా వెండి ఎందుకంటే, నాణేల సంచీ దూరం నుంచి చూస్తే వట్టి సంచీ. బంగారు పూత పూసిన కూజా దివిటీ వెలుగులో మెరుస్తుంది. తూకం వేసి విలువ కట్టవచ్చు, ఊళ్లోని కంసాలులకు పని దొరుకుతుంది. అమ్మకాల కోసం ‘లాటరీ పటం’ అనే పెద్ద ముద్రిత కాగితాలు అంటించేవారు. వాటిలో ఒక్కో బహుమతి బొమ్మ, విలువ, దాంతోపాటు లాటరీ ఏ భవనం కోసమో ఆ భవనం బొమ్మ ఉండేవి. 1615లో ఎగ్మొండ్ ఆన్ జే వృద్ధాశ్రమం లాటరీకి క్లాస్ యాన్స్ విస్ఖర్ చెక్కిన పటం అలాంటిదే.

నాటకం అన్న మాట ఇక్కడ పోలిక కాదు. నెదర్లాండ్స్ పట్టణాల్లో ‘రెదరైకర్లు’ అనే సాహిత్య సంఘాలు ఉండేవి. సభ్యులు చేతిపనులవాళ్లు, వర్తకులు, గుమస్తాలు. పగలు పని, తీరిక వేళ కవిత్వం, నాటకం. 1596లో లైడెన్ లాటరీకి పట్టణ కార్యదర్శి యాన్ వాన్ హౌట్ స్వయంగా ఒక లాటరీ నాటకం రాశాడు. హార్లెంలో 1606 అక్టోబరులో, అంటే చీట్లు తీయడానికి ఆరు నెలల ముందు, ‘ట్రౌ మూట్ బ్లైకెన్’ అనే స్థానిక సంఘం ఇతర పట్టణాల సంఘాలను పోటీకి పిలిచింది. ఆ సంఘం పేరుకు ‘విశ్వాసం నిరూపణ కావాలి’ అని అర్థం, లాటరీకి అంతకంటే తగిన పేరు దొరకదు. పోటీలో ఇచ్చిన అంశం పేదల్ని ఆదుకోవడం. వచ్చిన సంఘాలు వేషాలతో ఊరేగాయి, నాటకాలు ఆడాయి. ఆ నాటకాలన్నీ మరుసటి ఏడాది జ్వోల్లె పట్టణంలో అచ్చయ్యాయి.

వరస గమనిస్తే ఉద్దేశం తెలుస్తుంది. నాటకోత్సవం అమ్మకాల సమయంలో వచ్చింది. బయటి ఊళ్ల జనాన్ని రప్పించి చీట్లు కొనిపించడం దాని పని. చీట్లు తీసేటప్పుడు ఆ పని పద్యాలదీ వేదికదీ. రెండు దశలకు రెండు రకాల వినోదం.

అమ్ముడు కాకపోతే

నాటకం ఎంత బాగున్నా చీట్లు పోకపోతే నిర్వాహకుడు చిక్కుల్లో పడ్డట్టే. బహుమతులు ముందే ప్రకటించి ఉంటాడు, ఆదాయం మాత్రం అమ్మకాలను బట్టి.

1567లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం ప్రకటించిన ఆ ఇంగ్లండ్ మొదటి జాతీయ లాటరీయే ఇందుకు పెద్ద ఉదాహరణ. 4 లక్షల చీట్లు, ఒక్కోటి 10 షిల్లింగులు. ఖాళీ చీటీ అన్నదే లేదు, ప్రతివాడికీ కనీసం 2 షిల్లింగుల 6 పెన్నీలు వస్తాయన్నారు. మొదటి బహుమతి విలువ 5,000 పౌండ్లు: అందులో 3,000 నగదు, 700 వెండి సామాను, మిగిలింది తెరచీరలు, నారబట్టలు. వేదిక మీద ఊపు రావడానికి మొదట తగిలిన ముగ్గురికి ‘స్వాగతం’ పేరుతో 50, 30, 20 పౌండ్ల అదనపు కానుకలు. చీటీ కొనడానికి పట్టణానికి వచ్చేవారిని హత్య, రాజద్రోహం, సముద్ర దోపిడీ లాంటి పెద్ద నేరాలకు తప్ప 7 రోజులు అరెస్టు చేయరన్న హామీ కూడా ఇచ్చారు. అప్పులవాళ్లకు అది మంచి కబురే.

అయినా జనం కదల్లేదు. 10 షిల్లింగులంటే కూలివాడికి వారాల సంపాదన. పైగా రాణిగారి పేరుతో డబ్బు అడుగుతున్నారంటే కొత్త పన్నేమోనని అనుమానం. తేదీ వాయిదా పడింది, చివరికి బహుమతుల్ని పన్నెండో వంతుకు కుదించారు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి పడమటి ద్వారం దగ్గర 1569 జనవరి 11న మొదలుపెట్టి మే 6 దాకా రాత్రింబవళ్లు తీశారు. 116 రోజులు! హార్లెంకు రెట్టింపు కంటే ఎక్కువ.

అదే చర్చి దగ్గర 1612లో అమెరికాలో ఇంగ్లిష్ వలస నడిపే వర్జీనియా కంపెనీ లాటరీ తీసినప్పుడు ఈ చిక్కును ఇంకో రకంగా విప్పారు. టికెట్ 2 షిల్లింగుల 6 పెన్నీలే పెట్టినా అన్నీ పోలేదు. బహుమతుల్ని తగ్గించకుండా 60,000 ఖాళీ చీట్లను బయటికి తీసేశారు. దాంతో కొన్నవాళ్ల అవకాశం పెరిగింది, కంపెనీకి రాబడి తగ్గింది, పరువు మాత్రం దక్కింది. 4,000 క్రౌన్ నాణేల విలువైన వెండి సామాను ఒక దర్జీకి తగిలింది.

పద్యం పోయి నంబరు వచ్చాక

18వ శతాబ్ది లండన్‌లో పద్యాలు లేవు. అచ్చు టికెట్ మీద నంబరు ఉంటుంది. గంపల స్థానంలో రెండు పెద్ద చక్రాలు వచ్చాయి, ఒకటి నంబర్లకు, ఒకటి బహుమతులకూ ఖాళీలకూ. తాళాలు, ముద్రలు వేసి, గుర్రపు దళం కాపలాతో వాటిని నగరపాలక భవనమైన గిల్డ్‌హాల్‌కు తరలించేవారు. చీట్లు తీసేది క్రైస్ట్స్ హాస్పిటల్ అనే ధర్మ పాఠశాల పిల్లలు, పొడవాటి నీలం కోట్లతో. 1732లో డ్రూరీ లేన్ రంగస్థలం మీద ఆడిన ఒక ప్రహసనంలో ఏకంగా ఈ గిల్డ్‌హాల్ దృశ్యాన్నే చూపించారు.

వేగం మాత్రం మారలేదు. 60,000 టికెట్లు, 42 రోజులు, రోజుకు 6 గంటలు అనుకుంటే నిమిషానికి దాదాపు 4. హార్లెం లెక్కే. రెండు చేతులు, రెండు గొంతులు చేయగలిగిన పని అంతే.

చెడు వచ్చింది ఈ నిదానం లోంచే. టికెట్ కొనలేనివాళ్ల కోసం లాటరీ దుకాణాలు ‘ఇన్సూరెన్స్’ అనే పందెం పెట్టాయి. ఫలానా నంబరు ఈ రోజు చక్రంలోంచి బయటికి వస్తుందా రాదా అన్నది పందెం. బహుమతి వచ్చినా ఖాళీ వచ్చినా సంబంధం లేదు. మొదటి రోజు ఒక నంబరు వచ్చే అవకాశం 42లో 1. 22వ రోజుకు ఇంకా రాకుండా మిగిలి ఉంటే 21లో 1. 40వ రోజున 3లో 1. రోజురోజుకీ పందెం ధర మారుతుంది, రోజురోజుకీ కొత్త ఆశ. పనివాళ్లు కుండలు, దుప్పట్లు తాకట్టు పెట్టి ఆడేవారు. చూడటానికి పెట్టిన 42 రోజుల నాటకం కాస్తా 42 రోజుల జూదశాలగా మారింది.

ఇక్కడ చేతివాటం ఎలా పనికొస్తుందో చూడండి. పెద్ద బహుమతిని దొంగిలించాలంటే రెండు చక్రాల్లోనూ మోసం చేయాలి, దాదాపు అసాధ్యం. ఇన్సూరెన్స్ పందేనికి మాత్రం ఒక్క నంబరు చీటీ ముందుగా దాచి, చెప్పిన రోజున తీసినట్టు నటిస్తే చాలు. 1775 డిసెంబరులో ఇదే బయటపడింది. 21,481 నంబరు మీద ఒకే రోజుకు 79 పందేలు కాసిన మనిషి దొరికాడు. చీటీ తీసే పిల్లవాడు దాన్ని అంతకుముందే కోటులో దాచాడు.

ఆ నెల 12న వచ్చిన ఆదేశం రంగస్థల సూచనలా ఉంటుంది. కుర్రాడు చక్రంలో చెయ్యి పెట్టేముందు కోటు రొమ్ము భాగం, చేతులు బిగించి గుండీలు పెట్టాలి. జేబులు కుట్టేయాలి. అరచేతులు చూడాలి. పని మీద ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి వెనక నడికట్టులో దోపి ఉంచాలి. కుడి చెయ్యి తెరిచి, వేళ్లు చాచి ఉంచాలి. ఇంద్రజాలికుడు ప్రేక్షకులకు చేతులు చూపించే భంగిమ అదే. తెలివైన ఆదేశమే, కానీ అసలు జబ్బు జేబుల్లో లేదు. తీత అన్ని రోజులు సాగినంతకాలం రోజువారీ పందెం ఆగదు. 1778 తర్వాత దుకాణాలకు లైసెన్సులు పెట్టారు, పందేలు చాటుకు పోయాయి గానీ పోలేదు. 19వ శతాబ్ది మొదట్లో తీత రోజుల్నే కొద్దిపాటికి కుదించాకే వాటి వేరు తెగింది.

ఐదు నంబర్లు చాలు

ఇటలీలో ఇంకో దారి పుట్టింది. జెనోవాలో పాలక మండళ్లకు 120 పేర్లలోంచి 5 పేర్లు చీటీలతో తీసేవారు. ఏ ఐదుగురు వస్తారని జనం పందేలు కాసేవారు. పేర్ల బదులు 1 నుంచి 90 దాకా నంబర్లు పెడితే రాజకీయంతో పనిలేకుండా ఆట మిగిలింది, అదే లోట్టో. ఎంచుకున్న రెండు నంబర్లూ వచ్చే అవకాశం సుమారు 400లో 1, మూడు 11,748లో 1, నాలుగు 5,11,038లో 1. రెండో పాత్ర లేదు, ఖాళీ చీట్లు లేవు. ఐదుసార్లు చెయ్యి పెడితే పని అయిపోతుంది.

ఈ కొత్త ఆటలో నిర్వాహకుడే జనంతో పందెం కాస్తున్నాడు, నష్టపోవచ్చు కూడా. అందుకే పాలకులకు నమ్మకమైన లెక్కలవాళ్లు కావలసి వచ్చారు, కవులు కాదు. రోమ్‌లో 1728లో పోప్ 13వ బెనెడిక్ట్ లోట్టో ఆడితే వెలివేస్తామన్నాడు. 1731లో తర్వాతి పోప్ 12వ క్లెమెంట్ దాన్నే తిరిగి తెచ్చాడు, ఆ రాబడిలోంచి ట్రేవీ ఫౌంటెన్ పని సాగింది. 1743 నుంచి మోంతెచితోరియో భవనం బాల్కనీ మీంచి నంబర్లు తీసేవారు. కింద చౌకు నిండా జనం, పైన అధికారులు, అనాథ బాలుడు, నంబరు అరిచే మనిషి. ఒక్కో నంబరును జనానికి చూపించి పాత్రలో వేసేవారు. వేషం, ఎత్తు, వెలుగు, నిశ్శబ్దం అన్నీ ఉన్నాయి, కాలం తప్ప. హార్లెంలో 52 రోజులు సాగింది ఇక్కడ ఒక పూటలో ముగిసేది.

రెండు చక్రాల పాత పద్ధతి లండన్‌లో ఇంకొంత కాలం ఈడ్చింది. చివరి ప్రభుత్వ లాటరీని 1826 అక్టోబరు 18న బాసింగ్‌హాల్ వీధిలోని కూపర్స్ హాల్‌లో తీశారు. హార్లెంలో పద్యాల డబ్బుతో కట్టిన వృద్ధాశ్రమం 1609లో తెరుచుకుంది. నడిముంగిలి చుట్టూ 30 చిన్న ఇళ్లు, ఇంటికి ఇద్దరు చొప్పున 60 మంది ముసలివాళ్లు. 1913 నుంచి ఆ భవనంలో చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరిట మ్యూజియం నడుస్తోంది.